ఒకే కంప్యూటర్‌లో గేమింగ్, వీడియో ఎడిటింగ్: పరిమిత బడ్జెట్‌లో విడిభాగాల ఎంపిక

తక్కువ ఖర్చుతో సొంతంగా కంప్యూటర్ కూర్చుకోవాలనుకునేవారు సాధారణంగా ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. ఏది కొత్తది, దేనికి ఎన్ని కోర్లు (లెక్కలు చేసే విభాగాలు) ఉన్నాయి, వేగాన్ని పరీక్షించే బెంచ్‌మార్క్ పట్టికలో ఏది పైన ఉంది అని చూసి దాన్ని ఖాయం చేసుకుంటారు. మిగిలిన డబ్బును మిగతా భాగాలకు సర్దుతారు. ఒకే రకమైన పనికైతే ఈ పద్ధతి పెద్దగా నష్టం చేయదు. అదే కంప్యూటర్‌లో గేములూ ఆడాలి, వీడియోలూ ఎడిట్ చేయాలి అన్నప్పుడు మాత్రం ఎంపిక రెండు ప్రశ్నల దగ్గర మొదలుకావాలి. గేములు ఏ రిజల్యూషన్ ఉన్న మానిటర్ మీద ఆడతారు? ఎడిట్ చేయబోయే వీడియో ఏ కెమెరా నుంచి, ఏ ఫార్మాట్‌లో వస్తుంది? ఈ రెండింటికీ జవాబు తేల్చుకోకుండా కొంటే ఒక భాగం అవసరానికి మించిపోతుంది, మరొకటి చాలకుండా పోతుంది.

ఈ రెండు పనులూ కాలాన్ని వాడుకునే తీరు వేరు. గేమ్‌లో సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము తయారీకి దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు, 144 ఫ్రేములు కావాలంటే 7 మిల్లీసెకన్ల లోపే. ఆ కాస్త వ్యవధిలో ప్రాసెసర్ తన లెక్కలు ముగించి అందించాలి, గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీసి ముగించాలి. గడువు తప్పిన ఫ్రేము కుదుపుగా కంటికి తెలిసిపోతుంది, దాన్ని తర్వాత సరిదిద్దే అవకాశం ఉండదు. ఎడిటింగ్‌లో అలాంటి గడువు ఒక్కచోటే ఉంది: క్లిప్పులను వరుసగా పేర్చే టైమ్‌లైన్ మీద క్లిప్పును ముందుకూ వెనక్కూ జరుపుతున్నప్పుడు బొమ్మ వెంటనే కనిపించాలి. ఎడిట్ చేసినదంతా కలిపి తుది వీడియోగా మార్చే ఎక్స్‌పోర్ట్ పది నిమిషాల్లో పూర్తయినా, అరగంట పట్టినా చేతికి వచ్చే వీడియో అదే. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు దాన్ని గడువు ఉన్న పనుల మీద పెట్టి, గడువు లేని పనులకు సమయాన్ని వెచ్చించడం మేలు. అయితే ఎక్స్‌పోర్ట్ ఎంత త్వరగా అవుతుందన్నదే ఎడిటింగ్ సామర్థ్యానికి కొలమానంగా చూపించే సమీక్షలు ఎక్కువ కావడంతో, చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా ఖర్చు పెడుతున్నారు.

ముందు గేముల సంగతి. 1920 బై 1080 తెర మీద సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 2560 బై 1440లో 36.9 లక్షలు, 4కే తెరలో 82.9 లక్షలు. రిజల్యూషన్ పెరిగే కొద్దీ గ్రాఫిక్స్ కార్డు మీద భారం పెరుగుతుంది కానీ, ఒక్కో ఫ్రేముకు ప్రాసెసర్ చేయాల్సిన పని పెద్దగా మారదు. కాబట్టి మధ్యతరగతి గ్రాఫిక్స్ కార్డుకు అత్యంత ఖరీదైన ప్రాసెసర్‌ను జత చేస్తే అది చాలాసేపు కార్డు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. రైజెన్ 5 5600, కోర్ ఐ5 12400 వంటి 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపించగల పనుల వరుసలు) ఉన్న ప్రాసెసర్లు ఈ స్థాయి కంప్యూటర్‌కు సరిపోతాయి. 4 కోర్ల ప్రాసెసర్‌తో చాలా గేములు నడుస్తాయి కానీ, ఒకపక్క గేమ్ ఆడుతూ మరోపక్క రికార్డింగ్ చేయాలన్నా, టైమ్‌లైన్‌లో ఎఫెక్టులు పేర్చాలన్నా అక్కడ ఇరుకు మొదలవుతుంది. 8 కోర్లకు వెళితే ఎడిటింగ్‌లో కొంత లాభం ఉంది. కానీ ఆ తేడా డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు పైకి వెళ్లగలిగితే అదే మంచి బేరం.

ప్రాసెసర్ల పేర్లలో ఉన్న తికమక గురించి ఒక మాట చెప్పుకోవాలి. రైజెన్ 5 5600కీ 5600జీకీ పేరులో తేడా ఒక్క అక్షరమే. మొదటిదానిలో 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమొరీ), పీసీఐఈ 4.0 (గ్రాఫిక్స్ కార్డుతో కలిపే దారి) ఉంటాయి, లోపలి గ్రాఫిక్స్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ విభాగం ఉండదు. రెండోదానిలో లోపలి గ్రాఫిక్స్ ఉంటుంది కానీ క్యాష్ 16 ఎంబీకి, పీసీఐఈ 3.0కు తగ్గిపోతాయి. రైజెన్ 7 5700ఎక్స్, 5700ల మధ్య కూడా ఇదే క్యాష్ తేడా, ఇదే పీసీఐఈ తేడా కనిపిస్తాయి. పైగా ఈ 5700లో లోపలి గ్రాఫిక్స్ కూడా ఉండదు. క్యాష్ తగ్గితే ఆ ప్రభావం ముందుగా గేములలోనే తెలుస్తుంది. ధర కాస్త తక్కువగా కనిపించిన ప్రాసెసర్ పేరును చివరి అక్షరం దాకా చదివి, తయారీదారు ఇచ్చే వివరాల పట్టికతో సరిచూసుకోవడం అవసరం.

ఎడిటింగ్ విషయంలో అసలు చిక్కు వీడియో ఫార్మాట్ దగ్గర ఉంది. ఫోన్లు, చిన్న కెమెరాలు, యాక్షన్ కెమెరాలు రికార్డు చేసే వీడియో దాదాపు ఎప్పుడూ హెచ్.264లోనో హెచ్‌ఈవీసీలోనో ఉంటుంది. వీటిలో మొదటిది 2003లో, రెండోది 2013లో ప్రమాణాలుగా వెలువడ్డాయి. ఈ ఫార్మాట్లు ఫైలు పరిమాణాన్ని తగ్గించడానికి ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచవు. అక్కడక్కడ ఒక పూర్తి ఫ్రేమును ఉంచి, మిగిలిన ఫ్రేములలో పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అది మాత్రమే రాసుకుంటాయి. వీడియోను మొదటి నుంచి చివరి దాకా వరుసగా చూసేటప్పుడు ఈ ఏర్పాటు హాయిగా ఉంటుంది. ఎడిటర్ మాత్రం మధ్యలో ఎక్కడికో దూకుతాడు, వెనక్కి జరుపుతాడు, మూడు క్లిప్పులను ఒకదాని మీద ఒకటి పెడతాడు. అలా దూకిన ప్రతిసారీ ఆ ఒక్క ఫ్రేమును చూపించడానికి దానికి ముందున్న పూర్తి ఫ్రేము దాకా వెళ్లి, అక్కడి నుంచి అన్నింటినీ విప్పుకుంటూ రావాలి. 4కే వీడియోను ఎంతో శక్తిమంతమైన కంప్యూటర్ కూడా తడబడుతూ చూపించడానికి కారణం చాలాసార్లు ఇదే, కోర్ల కొరత కాదు.

ఈ విప్పే పనిని ప్రాసెసర్ కోర్ల మీద వదలకుండా చేసిపెట్టడానికే హార్డ్‌వేర్ డీకోడర్ అనే ప్రత్యేక విభాగం ఉంది. ఇంటెల్ దాన్ని క్విక్ సింక్ పేరుతో 2011 నుంచి తన ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో ఇస్తోంది. ఎన్విడియా, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ కార్డులలోనూ ఇలాంటి విభాగాలు ఉన్నాయి. అయితే ప్రతి డీకోడర్ ప్రతి రకం వీడియోనూ చదవలేదు. సాధారణ ఫోన్ వీడియోలో రంగు సమాచారం బాగా కుదించిన 4:2:0 పద్ధతిలో ఉంటుంది, దాన్ని దాదాపు అన్ని డీకోడర్లూ చదువుతాయి. మిర్రర్‌లెస్ కెమెరాలు చాలా వరకు ఇప్పుడు రంగు వివరాలు ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2లో కూడా రికార్డు చేస్తున్నాయి; రంగులు దిద్దేటప్పుడు ఇది ఎక్కువ వెసులుబాటు ఇస్తుంది. హెచ్‌ఈవీసీలో వచ్చే ఈ రకం వీడియోను ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 11వ తరం నుంచి, ఇంటెల్ ఆర్క్ కార్డులు మొదటి నుంచి హార్డ్‌వేర్‌లో విప్పగలుగుతున్నాయి. ఎన్విడియా కార్డులకు ఆ సామర్థ్యం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతోనే వచ్చింది. అంటే 4:2:2లో చిత్రీకరించే వ్యక్తి దగ్గర ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, లోపలి గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ ఉంటే, ఆ వీడియోను విప్పే భారమంతా ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది.

కోర్ ఐ5 12400కీ 12400ఎఫ్‌కీ మధ్య ఎంపికకు ఇక్కడే అర్థం వస్తుంది. ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు, కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు. గేములకే అయితే ఎఫ్ రకం కొని డబ్బు మిగుల్చుకోవడం తెలివైన పని, ఎందుకంటే గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ విడిగా ఉంటుంది. కెమెరా వీడియో ఎడిట్ చేసేవారికి మాత్రం ఆ మిగులు తప్పుడు పొదుపు అయ్యే అవకాశం ఎక్కువ. కేవలం ఫోన్ వీడియోలు, స్క్రీన్ రికార్డింగులు ఎడిట్ చేసేవారికి ఈ బెంగ అక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డులోని డీకోడర్ చాలు, అప్పుడు రైజెన్ అయినా ఇంటెల్ అయినా ధరను బట్టి ఎంచుకోవచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ డీకోడర్‌ను నిజంగా వాడుకుంటుందో లేదో, ఉచిత కూర్పులో ఆ సౌకర్యం ఉందో డబ్బు కట్టిన కూర్పులోనే ఉందో కూడా ముందే చూసుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు ఎంపికలో వేగాన్ని చూసినంత శ్రద్ధగా వీడియో మెమొరీనీ చూడాలి. సాధారణ ర్యామ్‌ను తర్వాత పెంచుకోవచ్చు, కార్డు మీద అతికిన మెమొరీని పెంచుకోలేము. ఒక 4కే ఫ్రేమును 32 బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌లో నాలుగు చానళ్లతో ఉంచితే దానికొక్కదానికే సుమారు 133 ఎంబీ పడుతుంది. నాయిస్ తగ్గించే ఎఫెక్టులు ముందూ వెనకా ఉన్న ఫ్రేములను కూడా ఒకేసారి మెమొరీలో పెట్టుకుంటాయి కాబట్టి 8 జీబీ కార్డు నిండిపోవడం అసాధారణమేమీ కాదు. గేములలో మెమొరీ నిండితే వేగం తగ్గుతుంది, కుదుపులు వస్తాయి. ఎడిటింగ్‌లో నిండితే రెండర్ (ఎఫెక్టులు కలిపి తుది ఫ్రేములు తయారుచేసే పని) మధ్యలో ఆగిపోవచ్చు. 1080 పిక్సెళ్ల ఎత్తున్న వీడియోలకు 8 జీబీ ఇప్పటికీ నడుస్తుంది. 4కేలో రంగులు దిద్దాలనుకునేవారు మాత్రం కాస్త వేగం తక్కువైనా 12 జీబీ ఉన్న కార్డు వైపు మొగ్గడమే మంచిది. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 ఈ కారణంతోనే చాలామంది దృష్టిలో పడింది. పాత మదర్‌బోర్డులలో దీన్ని పెట్టాలనుకునేవారు రీసైజబుల్ బార్ (కార్డు మెమొరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చేరుకోనిచ్చే) సదుపాయం ఉందో లేదో చూసుకోవాలి. అది లేకపోతే ఆర్క్ కార్డులు బాగా నెమ్మదిస్తాయి.

ఇక్కడా పేర్ల మాయ ఉంది. ఆర్‌టీఎక్స్ 3060 పేరుతో 192 బిట్ మెమొరీ బస్సు (మెమొరీకి సమాచారం రాకపోకల దారి) ఉన్న 12 జీబీ కార్డూ వచ్చింది, 128 బిట్ బస్సుతో 8 జీబీ కార్డూ వచ్చింది. ఈ రెండూ ఒకే వేగంతో నడవవు. ఏమీ ఆలోచించకుండా చవకది కొంటే ఏమవుతుందో చూపించడానికి 2022 జనవరిలో విడుదలైన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీని మించిన ఉదాహరణ లేదు. దానిలో 4 జీబీ మెమొరీ, నాలుగే పీసీఐఈ లేన్లు ఉన్నాయి; పీసీఐఈ 3.0 మదర్‌బోర్డులో పెడితే మెమొరీ నిండినప్పుడల్లా ఆ ఇరుకు దారి గుండా సమాచారం నడవలేక గేములు నీరసపడతాయి. వీడియోను ఎన్‌కోడ్ చేసే, అంటే కుదించి రాసే హార్డ్‌వేర్ విభాగాన్ని కూడా దానిలో పెట్టలేదు. గేమ్ రికార్డు చేయాలన్నా, త్వరగా ఎక్స్‌పోర్ట్ చేయాలన్నా ఆ పని ప్రాసెసర్ నెత్తినే పడుతుంది.

కార్డు, ప్రాసెసర్ ఎంత సాధారణమైనవైనా టైమ్‌లైన్‌ను సాఫీగా నడిపించే ఉపాయం ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. అసలు వీడియోకు బదులు దాని చిన్న నకళ్లను, అంటే ప్రాక్సీలను తయారుచేసుకుని వాటి మీద ఎడిట్ చేసి, ఎక్స్‌పోర్ట్ సమయంలో మాత్రం అసలు ఫైళ్లను వాడటం. ప్రాక్సీల తయారీకి ఎంత సేపు పట్టినా పక్కన కూర్చోనక్కర్లేదు. గడువు ఉన్న పనిని గడువు లేని పనిగా మార్చేస్తుంది కాబట్టి, తక్కువ బడ్జెట్ ఎడిటర్‌కు అదనపు రెండు కోర్ల కంటే ఈ అలవాటే ఎక్కువ మేలు చేస్తుంది. అయితే దీనికి డిస్కు స్థలం కావాలి. కెమెరాలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయిన గంట వీడియో 45 జీబీ ఉంటే, అదే గంటను 4కేలో ఎడిటింగ్‌కు అనువైన ప్రోరెస్ 422 ఫార్మాట్‌గా మారిస్తే సుమారు 265 జీబీ అవుతుంది. ప్రాక్సీలను 1080 పిక్సెళ్ల ఎత్తుకో అంతకన్నా తక్కువకో కుదించేది అందుకే.

ఎస్‌ఎస్‌డీల విషయానికి వస్తే, పెట్టె మీద అచ్చేసిన వేగం కంటే లోపల ఉన్న ఫ్లాష్ రకం ముఖ్యం. పైన చెప్పిన 100 మెగాబిట్ల వీడియో అంటే సెకనుకు 12.5 ఎంబీ మాత్రమే. సెకనుకు 550 ఎంబీ ఇచ్చే పాత సాటా రకం ఎస్‌ఎస్‌డీ సైతం అలాంటి క్లిప్పులను ఒకేసారి చాలా చదవగలదు. సెకనుకు 7000 ఎంబీ చదివే డ్రైవు కొన్నంత మాత్రాన టైమ్‌లైన్ పరుగెత్తదు. పెద్ద ఫైళ్లను గుట్టలుగా కాపీ చేసేటప్పుడు మాత్రం చవక డ్రైవుల బండారం బయటపడుతుంది. సెల్‌కు నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ డ్రైవు తన తాత్కాలిక క్యాష్ నిండేదాకా వేగంగా రాసి, ఆ తర్వాత హార్డ్ డిస్కు స్థాయికి పడిపోవచ్చు. గేములకు మాత్రమే వాడే డ్రైవుకు ఇది లోపం కాదు, ఎందుకంటే గేమ్ ఒకసారి రాస్తుంది, చాలాసార్లు చదువుతుంది. వీడియోలు దించుకునే డ్రైవుకు సెల్‌కు మూడు బిట్ల టీఎల్‌సీ రకం ఎంచుకోవాలి. పని ముగిసిన ప్రాజెక్టులను పాత హార్డ్ డిస్కులోకి మార్చేస్తే ఎస్‌ఎస్‌డీ చిన్నదైనా సరిపోతుంది. ఒక నకలు వేరే డిస్కులో ఉంచుకోవడం ఎలాగూ తప్పదు.

ర్యామ్ 16 జీబీతో గేములు నడుస్తాయి, చిన్న వీడియోలూ ఎడిట్ అవుతాయి. 4కే పనికి 32 జీబీ ఉండాలి. ఎంత కొన్నా ఒకే కడ్డీగా కాక సమానమైన రెండు కడ్డీలుగా కొనడం మంచిది. డీడీఆర్4 3200 కడ్డీ ఒకటి సెకనుకు 25.6 జీబీ అందిస్తే రెండు చానళ్లలో రెండు కడ్డీలు కలిసి 51.2 జీబీ అందిస్తాయి, ఆ తేడా గేములలో కంటికి కనిపిస్తుంది. 2025 చివరి నుంచి మెమొరీ ధరలు బాగా పెరిగిన నేపథ్యంలో ముందు రెండు 8 జీబీ కడ్డీలు కొని తర్వాత మరో రెండు చేర్చుదామని చాలామంది అనుకోవచ్చు. డీడీఆర్4లో ఇది చాలా వరకు పనిచేస్తుంది. డీడీఆర్5లో నాలుగు కడ్డీలు పెడితే వేగాన్ని తగ్గించుకోవలసి రావడం మామూలే కాబట్టి అక్కడ మొదటే సరిపడా కొనడం మేలు.

మదర్‌బోర్డు దగ్గర డబ్బు అనవసరంగా పోయే దారులు ఎక్కువ. మెరిసే దీపాలకు, ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను నిర్ణీత వేగానికి మించి నడపడం) హంగులకు ఈ బడ్జెట్‌లో చోటు లేదు. ర్యామ్‌కు నాలుగు స్లాట్లు, ఎన్‌వీఎంఈ డ్రైవులకు (సాటా కంటే వేగవంతమైన ఎస్‌ఎస్‌డీలు) రెండు స్లాట్లు, ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాల మీద హీట్‌సింక్ ఉంటే చాలు. మూడో అంశాన్ని చిన్నచూపు చూడకూడదు; గేమ్‌లో ప్రాసెసర్ భారం హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది కానీ, గంటసేపు సాగే ఎక్స్‌పోర్ట్‌లో అది ఎడతెగకుండా ఉంటుంది, ఆ వేడికి నాసిరకం బోర్డు ప్రాసెసర్ వేగాన్ని కిందకు లాగుతుంది. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ విషయంలో ఏఎమ్‌డీ ఏఎమ్4, ఇంటెల్ ఎల్‌జీఏ1700 చవకగా దొరుకుతాయి కానీ వాటికి కొత్త తరాల ప్రాసెసర్లు రావు. ఏఎమ్5 డీడీఆర్5ను మాత్రమే స్వీకరిస్తుంది, మొదటి ఖర్చు ఎక్కువ. దానికి 2027 దాకా, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని ఏఎమ్‌డీ ప్రకటించింది. రెండు మూడేళ్లలో ప్రాసెసర్ మార్చే ఉద్దేశం నిజంగా ఉన్నవారికే ఈ హామీకి విలువ. కంప్యూటర్‌ను ఐదారేళ్లు అలాగే వాడి ఒకేసారి మార్చేసేవారు రాని భవిష్యత్తు కోసం డబ్బు చెల్లించనక్కర్లేదు.

పవర్ సప్లై మీద కనిపించే 80 ప్లస్ గుర్తు గురించి ఒక అపోహ ఉంది. 2004లో మొదలైన ఆ గుర్తింపు విద్యుత్తు ఎంత వృథా అవుతుందో మాత్రమే కొలుస్తుంది. ఓల్టేజి ఎంత నిలకడగా ఉంటుంది, షార్ట్ సర్క్యూట్ అయితే ఎంత త్వరగా ఆగిపోతుంది అన్న విషయాలు ఆ బంగారు, కంచు గుర్తుల పరిధిలోకి రావు. వాట్ల లెక్క కూడా చాలామంది భయపడినంత పెద్దది కాదు. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060, 76 వాట్ల దాకా తీసుకునే రైజెన్ 5 5600, మిగతా భాగాలకు మరో 50 నుంచి 60 వాట్లు కలిపితే 250 వాట్లకు అటూ ఇటూగా తేలుతుంది. క్షణకాలం పాటు కార్డు తన పరిమితికి మించి లాగే కరెంటుకూ, రేపటి పెద్ద కార్డుకూ వెసులుబాటు ఉంచినా 550 వాట్ల మంచి సప్లై చాలు. పేరూ ఊరూ తెలియని 750 వాట్ల సప్లై కంటే నిపుణుల పరీక్షలలో నెగ్గిన 550 వాట్లదే నమ్మదగినది. చెడిపోతే తనతోపాటు మిగతా భాగాలనూ పాడుచేయగలిగే భాగం ఇది.

క్యాబినెట్‌కు ముందు వైపు గాలి లోపలికి వచ్చే జాలీ, రెండు ఫ్యాన్లు ఉంటే సరిపోతుంది. మానిటర్‌ను మాత్రం లెక్కలో చివరికి నెట్టకూడదు. గేముల కోసం 144 హెర్ట్జ్ చూసి కొన్న మానిటర్‌లో రంగులు పక్కనుంచి చూస్తే మారిపోతుంటే, దాని మీద దిద్దిన వీడియో వేరే తెరల మీద వింతగా కనిపిస్తుంది. తెరలకు ప్రామాణికమైన ఎస్‌ఆర్‌జీబీ రంగులను పూర్తిగా చూపించే, పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ మానిటర్లలో ఎక్కువ రిఫ్రెష్ రేటు ఉన్నవి దొరుకుతాయి. రెండు పనులకూ ఒకే తెర కావాలంటే ఎంచుకోవలసింది అదే.

వాడిన భాగాలు కొంటే అదే డబ్బుకు ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు. ప్రాసెసర్, ర్యామ్ సాధారణంగా అంత తేలిగ్గా చెడిపోవు. గ్రాఫిక్స్ కార్డును భారం మీద కనీసం అరగంట నడిపించి చూశాకే తీసుకోవాలి. వాడిన పవర్ సప్లైని, హార్డ్ డిస్కును వదిలేయడం ఉత్తమం. ఇంటెల్ 13, 14 తరాలలో ఎక్కువ కరెంటు తీసుకునే డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఓల్టేజి సమస్యతో అస్థిరంగా మారుతున్నాయని తేలడంతో 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఆ సవరణ బాగుచేయదు, కాబట్టి వాటిని వారంటీ లేకుండా కొనకూడదు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 వరుస నుంచే నడుస్తుంది కాబట్టి అంతకంటే పాత ప్రాసెసర్ ఎంత చవకగా వచ్చినా అది బేరం కాదు.

భాగాలన్నీ సరిగా ఎంచుకుని బిగించాక కూడా కొన్న సామర్థ్యం అంతా వాడుకలోకి రాకపోవచ్చు. ర్యామ్ పెట్టె మీద రాసిన వేగంతో నడవాలంటే బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులలో) ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే, ర్యామ్ వేగాన్ని నిర్ణయించే ప్రొఫైలును ఎంచుకోవాలి. లేకపోతే అది మామూలు తక్కువ వేగంతోనే ఏళ్ల తరబడి నడుస్తుంది. రెండే కడ్డీలుంటే ప్రాసెసర్ నుంచి లెక్కించినప్పుడు రెండు, నాలుగు స్థానాల్లో ఉన్న స్లాట్లలో పెట్టాలని చాలా బోర్డుల మాన్యువళ్లు చెబుతాయి. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. విడి కార్డు పెట్టగానే చాలా బోర్డులు ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌ను వాటంతట అవే నిలిపివేస్తాయి. 4:2:2 వీడియో కోసం ఎఫ్ లేని ప్రాసెసర్ కొన్నవారు బయాస్‌లోకి వెళ్లి లోపలి గ్రాఫిక్స్‌ను తిరిగి ఆన్ చేసి, డ్రైవర్ వేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో క్విక్ సింక్ పేరు కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. ఒక క్లిప్పును ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో వీడియో డీకోడ్ గీత కదులుతుంటే ఆ డీకోడర్ పనిలో ఉన్నట్టు.